ఇచ్చిన మాట, ఎదురుచూపు, మొర

తెలుగు సాహిత్యంలో మాట నిలుపుకొనుటను గూర్చిన కథలకు కొదువ లేదు. గౌరన హరిశ్చంద్రుడు రాజ్యమును, ఆలుబిడ్డలను, తుదకు తననే అమ్ముకొని ఆడిన మాట దక్కించుకొన్నాడు. అనంతామాత్యుని భోజరాజీయంలోని ఆవు దూడకు కడసారి పాలిచ్చి పులి యెదుటికి తిరిగి వచ్చినది. పోతన బలిచక్రవర్తి గురువు వారించినను దానము మానుకొనలేదు. ఈ కథలన్నిటికీ ఒక సామాన్యలక్షణం ఉన్నది. మాట ఇచ్చినవాడు దుర్బలుడు. ఆ మాటను రాబట్టుకొనువాడు బలవంతుడు. హరిశ్చంద్రుని యెదుట విశ్వామిత్రుడు, ఆవు యెదుట పులి, బలి యెదుట త్రివిక్రముడు నిలిచి ఉన్నారు. శ్రోత మనస్సు ఎల్లప్పుడును మాట ఇచ్చినవాని పక్షమున ఉండును.

క్రైస్తవ వేదంలోని కథ ఈ వరుసను తలక్రిందులు చేసినది. అక్కడ మాట ఇచ్చినవాడు దేవుడు. దానిని నమ్ముకొని నడచినవాడు మనుష్యుడు. అబ్రాహామునకు పిలుపు వచ్చినప్పుడు డెబ్బదియైదేండ్లు. సంతానమును, నివసించుటకు నేలయు ఇత్తునని దేవుడు పలికిన తరువాత ఇస్సాకు పుట్టునప్పటికి ఆయనకు నూరేండ్లు నిండినవి. నడుమ గడచిన ఇరువదియైదేండ్లే ఆ కథకు ప్రాణం. బలవంతుడు మాట ఇచ్చి ఆలస్యము చేసినప్పుడు దుర్బలుడు చేయగలిగినది ఏమి? నమ్మవలెనా, నిలదీయవలెనా, విడిచి పోవలెనా? ఈ ప్రశ్న వేదాంతులకు మాత్రమే చెందినది కాదు. ఇది కవిత్వమునకును చెందినది. తెలుగు కవిత్వం ఈ ప్రశ్నను ఎంతవరకు స్వీకరించినదో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశ్యం.

మొట్టమొదట ఆ పదమును గూర్చియే ఆలోచింపవలసి ఉన్నది. తెలుగు బైబిలు అనువాదకులు దేవుని మాటకు 'వాగ్దానము' అను పదమును ఎన్నుకొన్నారు. మాట, బాస, ఆన, ఒట్టు, వరము, అభయము మొదలైన పదాలు తెలుగులో లేకపోలేదు. వరము తపస్సు చేసినవానికి దక్కు ఫలము. అభయము భయపడి వచ్చినవానికి ఆ క్షణమున లభించు రక్ష. బాస సమానుల మధ్య జరుగునది. వాగ్దానమన్ననో, సంస్కృతంలోను, మన వివాహవిధులలోను, కన్యను ఇత్తుమని నోటిమాటగా నిశ్చయించుట. మాట నేడు, పెండ్లి తరువాత. నడుమ ఎదురుచూచు కాలం ఉన్నది. ఆ కాలమంతయు కన్య ఇంకను పుట్టింటనే ఉండి, మనసున మాత్రము మెట్టినింటిదై ఉండును. హెబ్రీ ప్రవక్త హోషేయ దేవునికిని ప్రజకును గల సంబంధమును ప్రధానము చేయబడిన వధూవరుల సంబంధముగా వర్ణించినాడు. క్రొత్త నిబంధన కడపటి గ్రంథం సంఘమును పెండ్లికూతురుగా చూపినది. అనువాదకులు ఎరిగి చేసినను ఎరుగక చేసినను, ఆ పదము తెలుగు కవికి ఒక గొప్ప మూలధనం. మాటకును దాని నెరవేర్పునకును నడుమ గల ఎడమును ఆ ఒక్క పదమే పట్టి ఇచ్చుచున్నది.

కాబట్టి ఈ విశ్వాసమును గూర్చిన కవిత్వమునకు మూడు అంగములు కావలెను. ఒకటి, ఇచ్చిన మాట. రెండు, ఆలస్యము. మూడు, ఆ ఆలస్యంలో మాట ఇచ్చినవానిని ఉద్దేశించి పలుకు పలుకు, అనగా మొర. మొదటిది లేనిచో నమ్మకమునకు ఆధారం లేదు. రెండవది లేనిచో నమ్మకమునకు పని లేదు. మూడవది లేనిచో నమ్మకమునకు నోరు లేదు.

ఈ మూటిలో రెండవదాని బలమెట్టిదో బస్తరు సీమలో నిలిచిన ఒక కథ చక్కగా చెప్పుచున్నది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయవంశజుడైన అన్నమదేవుడు గోదావరి దాటి ఉత్తరమునకు పోయి బస్తరు రాజ్యమును స్థాపించినాడని ఆ రాజవంశపు సంప్రదాయం. దంతేశ్వరీదేవి ఆయనకు మాట ఇచ్చినదట: నీవు నడచినంత మేర నీ రాజ్యము, నేను నీ వెనుక వత్తును, నీవు వెనుదిరిగి చూడరాదు. దేవి కాలి అందెల సవ్వడి వినుచు రాజు నడచినాడు. శంఖిని, డంకిని నదుల సంగమమున దేవి పాదములు ఇసుకలో దిగబడి అందెల మ్రోత ఆగినది. రాజు వెనుదిరిగి చూచినాడు. దేవి అక్కడనే నిలిచిపోయినది. అదియే నేటి దంతెవాడ. వేరొక పాఠంలో వేరొక నది పేరు వినిపించును గాని, కథాసారం ఒక్కటే.

ఈ కథను రాజు అవిశ్వాసమునకు శిక్షగా చెప్పుట వాడుక. కాని కథలోని సూక్ష్మము వేరొకచోట ఉన్నది. దేవి మాట తప్పలేదు. ఆమె ఇసుకలో నడచుచునే ఉన్నది. ఆగినది సవ్వడి మాత్రమే. రాజు దేవి మాటను నమ్మినానని అనుకొన్నాడు. నిజమునకు ఆయన నమ్మినది అందెల మ్రోతను. మాటను నమ్ముటకును, మాటకు గుర్తుగా వినిపించు చప్పుడును నమ్ముటకును గల భేదమును ఇంత సులభంగా చెప్పిన కథ అరుదు. లోతు భార్య వెనుదిరిగి చూచి ఉప్పుస్తంభమైన బైబిలు కథతో దీనిని పోల్చవచ్చును గాని, అందులో ఈ సూక్ష్మత లేదు. ఆమె విడిచివచ్చిన దానిని చూచినది. అన్నమదేవుడు తనకు ఇయ్యబడిన మాట వెంట వచ్చుచున్నదో లేదో చూచినాడు. అయితే అన్నమదేవుని కథలో ఒక కొరత కనిపించును. మ్రోత ఆగినప్పుడు ఆయన 'తల్లీ, ఉన్నావా?' అని అడుగలేదు, తిరిగి చూచినాడు. చూపు మొరకు బదులైనది. అడిగి ఉన్నచో కథ వేరుగా నడచి ఉండునేమో.

అట్లు అడిగినవాడు బస్తరు దక్షిణపు సరిహద్దునకు ఎంతో దూరము కాని భద్రాచలమున కలడు. పదునేడవ శతాబ్దికి చెందిన కంచెర్ల గోపన్న, పాల్వంచ తహశీల్దారుగా ఉండి ప్రభుత్వధనముతో రామాలయము కట్టించి, గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు గడపినాడని ప్రసిద్ధి. ఆయన కీర్తనలలో భక్తి ఎంత ఉన్నదో దెప్పిపొడుపును అంత ఉన్నది. సీతకు, తమ్ములకు చేయించిన నగలను పేరుపేరున ఎత్తి, దేనికి ఎంత ఖర్చయినదో లెక్క చెప్పి, ఇదంతయు ఎవడబ్బ సొమ్మని అనుభవించుచున్నావను ధోరణిలో రాముని నిలవేసినాడు. దెబ్బలకు ఓర్వలేక తిట్టితినని మరల తానే చల్లబడినాడు. ఈ కీర్తనలను భక్తిలోపముగా ఎవ్వరును ఎంచలేదు. తెలుగువారి ఇండ్లలో అవి పిల్లలకు కూడ కంఠస్థము. కారణం స్పష్టం. పత్రము వ్రాసి ఇచ్చినవాని గడపలోనే ఋణదాత నిలిచి కేకవేయును. బాకీ లేనివాని ఇంటిముందు ఎవడును నిలువడు. నిలదీయుట నమ్మకమునకు వ్యతిరేకము కాదు. నమ్మకము తన పత్రమును బయటికి తీసి చూపుటయే నిలదీయుట.

క్రైస్తవ వేదమునకు ఈ ధోరణి పరాయిది కాదన్నది ఇక్కడ ముఖ్యముగా గమనింపదగినది. కీర్తనల గ్రంథంలోని నూటయేబది కీర్తనలలో సుమారు మూడవవంతు మొరలే. ఎంతకాలమని అడుగుట, ముఖము దాచుకొన్నావని నిష్ఠురమాడుట, పూర్వులకు చేసిన మేలులను గుర్తుచేసి ఇప్పుడు ఏమైనదని ప్రశ్నించుట వాటి రీతి. యోబు గ్రంథమంతయు ఒక దీర్ఘమైన వాదోపవాదం. అందులో దేవుని తరపున చక్కగా మాటలాడిన స్నేహితులు తుదకు దేవునిచేతనే మందలింపబడినారు. సిలువపై క్రీస్తు పలికిన నిస్సహాయపు కేక ఇరువదిరెండవ కీర్తన మొదటి పలుకు. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక పదునొకండవ అధ్యాయం విశ్వాసవీరుల పేర్లు వరుసగా చెప్పి, వారు వాగ్దానఫలము చేతికందకయే మరణించిరని ఒప్పుకొన్నది. విశ్వాసమును గెలుపుగా మాత్రమే చెప్పువారికి ఆ అధ్యాయం అంత సుఖముగా మింగుడుపడునది కాదు.

ఈ కొలబద్దతో తెలుగు క్రైస్తవ కవిత్వమును చూడవచ్చును. ఈ శాఖకు ఆద్యులలో ముఖ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). వంగదేశమూలము గల బ్రాహ్మణకుటుంబమున పుట్టి, తెలుగు, ఒరియా సీమల సంగమప్రాంతమున పెరిగి, 1833లో కటకమున బాప్తిస్మము పొందినవాడు. ఆయన చేసిన మేలు సామాన్యమైనది కాదు. పరదేశపు బాణీలకు తెలుగు మాటలను కుదించి పాడు అలవాటునకు లోనుగాక, పల్లవి, చరణములతో, రాగతాళములతో, మన కీర్తనపద్ధతిలో పాటలు కట్టినాడు. క్రొత్త విశ్వాసము ప్రాతగొంతుతో పాడవచ్చునని ఆయన నిరూపించినాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటంలో ఆయన పాటలు నేటికిని నిలిచి ఉన్నవి.

కాని కీర్తనరూపమును స్వీకరించిన ఈ సంప్రదాయం, ఆ రూపమునకు రామదాసు ఇచ్చిన ఎత్తిపొడుపును మాత్రము పెక్కుచోట్ల స్వీకరింపలేదు. ఇచ్చిన మాట ఉన్నది. నెరవేరినందుకు స్తుతి ఉన్నది. నడుమనున్న ఆలస్యము కుదించుకొని పోయినది. పాపినైతిని, కరుణించితివి అను రెండు పదముల నడుమ ఇరువదియైదేండ్లు పట్టవచ్చునను స్ఫురణ శ్రోతకు కలుగదు. దీనికి న్యాయమైన సమాధానము ఒకటి కలదు. ఆరాధనాగీతం ఒక్కని ఆత్మకథ కాదు. గుడిలో పిన్నలు, పెద్దలు కూడి పాడవలసినది. పదిమంది గొంతులలో ఒక్కని నిష్ఠురము ఇమడదు. ఈ సమాధానంలో బలమున్నది. కాని హెబ్రీయుల మొరలును దేవాలయంలో సమూహముగా పాడినవే అన్న సంగతి దానికి ఎదురు నిలుచును. కాబట్టి లోపము ప్రక్రియలో లేదు. క్రొత్తగా విశ్వాసంలోనికి వచ్చిన చిన్న సంఘం, చుట్టును ఉన్న సమాజపు చూపుల నడుమ, తన దేవుని పరుల యెదుట నిలదీయుటకు వెనుకాడినదని తలచుట న్యాయం. ఆ వెనుకబాటునకు కారణం తెలిసినంతమాత్రమున కవిత్వపు కొరత తీరదు.

ఆ కొరతను తీర్చగల గొంతు గుఱ్ఱం జాషువ (1895–1971)ది. క్రీస్తుచరిత్ర 1958లో వెలువడి, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారమును పొందినది. సువార్తకథను తెలుగు పద్యకావ్యపు మర్యాదలలో నిలిపిన గ్రంథమది. ఇంతవరకు ప్రార్థనామందిరములోనే వినిపించిన కథకు సాహిత్యసభలో ఆసనము వేయించినది. అయినను వాగ్దానవిశ్వాసపు రెండవ, మూడవ అంగములను వెదకువారు క్రీస్తుచరిత్ర కంటె ముందు 1941 నాటి గబ్బిలమునే తెరువవలసి ఉన్నది. అందులో అంటరానివాడొకడు తన గోడును గబ్బిలముతో శివునికి చెప్పి పంపుచున్నాడు. తనకు ప్రవేశము లేని గుడిలోనికి గబ్బిలమునకు ప్రవేశము కలదు; కావుననే అది దూత. సంబోధింపబడినది శివుడు, వ్రాసినవాడు క్రైస్తవకుటుంబమున పుట్టినవాడు. అయినను, కీర్తనల గ్రంథంలోని మొరల స్వరం తెలుగులో అత్యంత సమీపముగా వినిపించునది ఈ కావ్యముననే. మొరపెట్టుకొనువాడు దేవుని కాదనలేదు, అడ్డుగోడలను కాదన్నాడు. తన మాట చేరితే దేవుడు వినునను నమ్మకము లేనిచో దూతను పంపవలసిన పనియే లేదు. విశ్వాసము పేరు చెప్పకయే విశ్వాసకవిత్వము పుట్టవచ్చునని దీనివలన తెలియుచున్నది.

జాషువ శ్మశానవాటి పద్యములు సత్య హరిశ్చంద్ర నాటకపు కాటి సీనులో దశాబ్దములుగా పాడబడుచున్నవి. మాట తప్పని రాజు కాటికాపరియై నిలిచిన చోట, గుడిలోనికి రానీయబడని కులమున పుట్టిన కవి పద్యములు వినిపించుట యాదృచ్ఛికము కావచ్చును గాని అర్థరహితము కాదు. మనుష్యుడు నిలుపుకొన్న మాటయు, మనుష్యునికి దక్కవలసిన ఆరడుగుల నేలయు అక్కడ ఒక్కచోట కలిసినవి.

జాషువకు పురస్కారము వచ్చిన మరుసటి యేడు, 1965లో, ఆంగ్లభాషకు సంబంధించిన అకాడమీ పురస్కారం వెరియర్ ఎల్విన్ ఆత్మకథకు మరణానంతరం లభించినది. రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన ఉంచి చదువుట ఈ విషయమున మిక్కిలి ఉపయోగకరం. బిషప్పు కుమారుడైన ఎల్విన్ (1902–1964) ఆక్స్‌ఫర్డులో చదివి, క్రైస్తవ గురువై 1927లో భారతదేశమునకు వచ్చినాడు. గాంధీజీ ప్రభావమునకు లోనై 1932లో గోండుల నడుమ కాపురముండబోయినాడు. సంఘాధికారులు రాజభక్తి ప్రమాణమును కోరగా అంగీకరింపలేదు. 1935లో సంఘమును విడిచినాడు. 1940వ దశకం మొదట బస్తరులో నివసించి మురియాల ఘోటులును గూర్చి వ్రాసిన గ్రంథం 1947లో వెలువడినది. అనగా, ఒకడు ఆక్షేపణలు ఎన్ని వచ్చినను క్రీస్తుకథకే తిరిగి వచ్చి కావ్యము వ్రాసినాడు. వేరొకడు క్రీస్తును ప్రకటింపవచ్చి సంఘమునుండి వెలికి నడచినాడు. అయినను ఎల్విన్ గోండులను విడువలేదు. దేవుని మాట తనకు వినిపింపని చోట, తాను మనుష్యులకు ఇచ్చిన మాటను నిలుపుకొన్నాడు. ఆయన కథ అబ్రాహాము కథ కాదు, హరిశ్చంద్రుని కథ. తెలుగు పాఠకునికి ఆయన గ్రంథం అంత ఆత్మీయముగా తోచుటకు ఇదియు ఒక కారణం కావచ్చును.

ఎల్విన్ బస్తరులో శ్రద్ధతో గమనించిన విషయములలో మృతులకు చేయు సంస్కారములు ముఖ్యమైనవి. ఆ సీమలోని మాడియాలు చనిపోయినవారికై నిలువురాళ్లను, చెక్కిన మ్రాను స్తంభములను నాటుదురు. ఊరి నేలకును, ఊరి దేవతకును, ఊరిలో చనిపోయినవారికిని గల సంబంధం అక్కడివారికి ఆచారము మాత్రమే కాదు, ఊరి అస్తిత్వమే. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున జగదల్‌పూరులో మెథడిస్టు మిషను నెలకొన్న నాటినుండి, ఆ నేలకే చెంది వేరొక విశ్వాసమును అవలంబించిన కుటుంబములు అక్కడ పెరుగుచు వచ్చినవి. ఈ రెంటి నడుమ గల బిగింపు 2025 జనవరిలో దేశమంతటికిని తెలిసినది. బస్తరు జిల్లా ఛింద్వాడ గ్రామమున ఒక పాస్టరు 7వ తేదీన మరణింపగా, ఊరిలో పాతిపెట్టుటకు గ్రామస్థులు అభ్యంతరము చెప్పినారు. పూర్వులు ఆ ఊరి నేలలోనే ఉన్నారని కుమారుడు న్యాయస్థానములకు విన్నవించుకొన్నాడు. శవము దాదాపు ఇరువది దినములు శవాగారమున ఉన్నది. 27వ తేదీన సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయములు వ్రాసినారు. ఒకరు కుటుంబపు సొంత నేలలో పాతిపెట్టవచ్చునన్నారు, వేరొకరు నిర్ణీతస్థలముననే జరుగవలెనన్నారు. ఇంకను ఆలస్యము కారాదని, ఇరువది కిలోమీటర్లకు పైబడిన దూరమున గల కర్కాపాల్ క్రైస్తవ శ్మశానమున ఖననము చేయవలెనని ఇరువురును కలిసి ఆదేశించినారు.

ఈ సంఘటనలో ఎవరిది న్యాయమన్నది న్యాయశాస్త్రము తేల్చవలసిన విషయం. సాహిత్యమునకు దీనిలో మరియొక ముఖము కనుపించును. ఆదికాండము ఇరువదిమూడవ అధ్యాయంలో శారా నూట ఇరువదియేడేండ్ల వయస్సున మరణించినది. దేశమంతయు నీ సంతతికి ఇత్తునని మాట పొందిన అబ్రాహాముకు భార్యను పాతిపెట్టుటకు జానెడు నేల లేదు. ఆయన హిత్తీయుల యెదుట లేచి నిలిచి, సాగిలపడి, నేను పరదేశిని అని చెప్పుకొని, నాలుగువందల తులముల వెండి తూచి ఇచ్చి మక్పేలా గుహను కొన్నాడు. వాగ్దానదేశమున ఆయనకు సొంతమైన మొదటి భూమి ఒక సమాధిస్థలం. గ్రంథకర్త ఇక్కడ వ్యాఖ్య చేయలేదు. దేవుడు ఒక్క మాటయును పలుకలేదు. బేరము, వెండి, సాక్షులు, పొలము హద్దులు, చెట్లు మాత్రమే చెప్పినాడు. మాట ఇచ్చినవాని మౌనమును ఆ భూమి దస్తావేజు కంటె బలముగా ఏ విలాపమును చెప్పజాలదు. అయినను ఆ గుహను కొనుటలోనే అబ్రాహాము విశ్వాసమంతయు ఉన్నది. పోవుదునని అనుకొన్నవాడు పరదేశమున సమాధికి అంత వెల పెట్టడు.

ఛింద్వాడ కుటుంబమునకు మక్పేలా దొరకలేదు. పరులుగా ఎంచబడినవారు హిత్తీయుల వలె బేరమునకైనను ఒప్పుకొను ఇరుగుపొరుగును పొందలేదు. అయితే ఆ ఊరివారును తమ దేవతకు తమ పూర్వులు ఇచ్చిన మాటను కాపాడుకొనుచున్నామనియే తలచియుందురు. రెండు వాగ్దానములు ఒక్క గజము నేలమీద ఎదురుపడినవి. ఒక పక్షమును దుష్టులుగా, వేరొకదానిని మహాత్ములుగా చిత్రించి కథ వ్రాయుట సులభం. అట్టి కథ రెండు పక్షములకును అన్యాయము చేయును. ఇరువురి చెవులలోను ఆగిపోయిన అందెల మ్రోతను వినగల రచయిత కావలెను. బస్తరు దక్షిణభాగమున కోంటా, భోపాల్‌పట్నం ప్రాంతములలో తెలుగు వినిపించుచునే ఉన్నది. దోర్లాల పలుకుబడిలోనికి తెలుగు ఎంతయో చేరినది. ఆ రచయిత తెలుగువాడగుటకు అడ్డు ఏమియు లేదు.

వాగ్దానవిశ్వాసము సాహిత్యవస్తువుగా ఇంకను పూర్తిగా దున్నబడని పొలం. దానికి కావలసిన పనిముట్లన్నియు తెలుగులో ఉన్నవి. పెండ్లికి ముందటి ఎదురుచూపును దాచుకొన్న పదమున్నది. దేవునితో లెక్క తేల్చుకొనమని అడిగిన రామదాసు పద్ధతి ఉన్నది. గుడి తలుపు మూసియున్నను మొర లోనికి పోవునని నమ్మిన గబ్బిలమున్నది. పాడు గొంతులను కూర్చిన పురుషోత్తమ చౌదరి బాణీలున్నవి. వీటిని ఒక్కచోట చేర్చి, ఆలస్యమును దాటవేయక, ఆ ఆలస్యములోనే కూర్చుండి వ్రాయువాడు రావలెను. దేవుడు మాట నిలుపుకొనునని చెప్పుట ప్రబోధకుని పని. నిలుపుకొనువరకు మనుష్యుడు ఎట్లు బ్రదికినాడో, ఏమని అడిగినాడో, ఎవరి నేలమీద ఎవరికి సాగిలపడినాడో చెప్పుట కవి పని. మొదటి పని తెలుగులో సమృద్ధిగా జరిగినది. రెండవది మిగిలి ఉన్నది.